వలతాడు విప్పించిన ప్రయాణం

నాకు ఎండు నెత్తళ్ళ వాసన పడదు. సముద్రం పక్క ఊళ్ళో పుట్టినవాడు అనాల్సిన మాట కాదది. కానీ చిన్నప్పటి నుంచీ అంతే. మా వాకిట్లో చేపలు ఎండుతుంటే నేను సైకిలెక్కి నరసన్నపేట శాఖా గ్రంథాలయానికి పోయేవాణ్ణి. పదో తరగతితో బడి ఆగిపోయాక నా చదువంతా అక్కడి బల్ల మీదే సాగింది. నక్షత్రాల గురించి, రాజుల గురించి, ఓడల గురించి, దూరదేశాల ప్రయాణాల గురించి, దొరికింది దొరికినట్టు చదివాను. ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. అది నాకు గర్వంగా ఉండేది. ఇప్పటికీ ఉంది. ఒక్క రోజు సంగతి గుర్తొస్తే మాత్రం ఆ గర్వం మీద నాకే రోత పుడుతుంది.

గల్ఫ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో నాకు స్టోరు పని దొరికింది. మా అక్క భర్త, అంటే మా బావ, అదే యార్డుకి మూడోసారి వెళ్తున్నాడు. క్రేనుకి బరువులు తగిలించి కట్టే పని అతనిది. చదవడం రాదు. హిందీ మాత్రం పనిలోనే నేర్చుకున్నాడు. మా ఇద్దరి వీసాలకీ ప్రయాణం రోజే ఆఖరి గడువు. ఆ రోజు అక్కడ దిగకపోతే అవి చెల్లవు. నాకు పోతే పోయింది, ఇంకా వయసుంది. యాభైకి దగ్గరపడిన బావకి ఇంకో వీసా ఇచ్చేవాడు లేడు.

మా తీరం ఊళ్ళలో ఎవరైనా అటు వెళ్తున్నారంటే, అక్కడున్న మగవాళ్ళ కోసం ఇంటింటి నుంచీ మూటలు వస్తాయి. వద్దనకూడదు. ఎండు నెత్తళ్ళు, ఉప్పుచేప, ఆవకాయ సీసా. ఒక్కో మూటకీ పాత పంచె గుడ్డ చుట్టి సూదితో కుట్టేస్తారు. గుడ్డ మీద పేరు రాసే పని నాది. ఆడవాళ్ళు పేరుతో ఆగరు. ‘ఈ ముక్క కూడా రాయి బాబూ’ అని ఇంకో మాట చెప్పి రాయిస్తారు. అలా ఏడు మూటలు రాశాను. ఏడూ బావ తన సంచిలో సర్ది, దాని చుట్టూ వలతాడు నాలుగు వరసలు బిగించాడు. అటు వెళ్ళే మావాళ్ళందరి సంచులకీ ఆ తాడే.

విశాఖలో విమానాశ్రయం గుమ్మం ముందు ఆ తాడు చూసేసరికి నాకు సిగ్గేసింది.

"విప్పీ బావా. దూడని కట్టినట్టు ఆ కట్టేటి? జిప్పున్నాది కదా."

"జిప్పుదేటుందిరా! ఒక్క ఇసురుకి నోరు తెరుస్తాది."

"అందరూ సూస్తన్నారు."

"సూడనీ. ఆళ్ళు మోస్తారేటి?" అని నవ్వాడు బావ. నవ్వుతూనే విప్పేసి, సాగనంపడానికి వచ్చిన అక్క చేతిలో తాడు పెట్టాడు. చదివినవాడి మాటకి ఇంట్లో అంత విలువ ఉండేది.

ఏజెంటు మాకు రెండు వేరువేరు టిక్కెట్లు కొన్నాడు. ఢిల్లీ దాకా ఒకటి, అక్కడి నుంచి గల్ఫ్‌కి ఒకటి. మధ్యలో మూడు గంటలు. దిగేది ఒకటో టెర్మినల్, ఎక్కేది మూడోది, ఒకదాన్నుంచి ఇంకోదానికి బస్సులో పోవాలి. మొదటి విమానమే గంట ఆలస్యంగా దిగింది. రెండోదాని కౌంటరు గంట ముందే మూసేస్తారు. అంటే మా చేతిలో మిగిలింది ఒక్క గంట.

విమానం దిగగానే బావ సంచులొచ్చే బెల్టు వైపు పరుగెత్తాడు. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"సంచులు ఆటికయ్యే వస్తాయి బావా. ఆఖరున దిగిన కాడే తీసుకోవాల. పుస్తకంలో సదివేను."

"కిందటిసారి ఇక్కడే తీసుకున్నాన్రా."

"అప్పుడు నీకు తెలీక తీసుకునుంటావు."

చదివింది అబద్ధం కాదు. ఒకే టిక్కెట్టు మీద వెళ్ళేవాళ్ళ గురించి రాశారు అక్కడ. ఆ షరతు నాకు గుర్తులేదు, గర్వం గుర్తుంది. బావ బెల్టు వైపు ఒకసారి చూసి, నా వెనకే బయటికి వచ్చేశాడు.

బస్సు దగ్గర టిక్కెట్లు చూసే మనిషి, సామానేదని అడిగాడు. బావ అతనితో హిందీలో మాట్లాడి నా వైపు తిరిగాడు. "ఒరే, మనయి లోపలే ఉండిపోనాయి" అన్నాడు. అంతే, ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వచ్చిన తలుపులోంచి మళ్ళీ లోపలికి పోనివ్వరు. నేను పుస్తకాల ఇంగ్లీషులో కాపలా మనిషికి ఏదో చెప్పబోయాను. అతను నా ముఖం కూడా చూడలేదు. బావ వీసా కాగితం తీసి, తేదీ ఉన్నచోట వేలు పెట్టి చూపించాడు. ఆ అంకెలు ఎక్కడుంటాయో అతనికి తెలుసు. చివరికి లోపలి నుంచి ఒకరిని పిలిపించి, కాగితం రాయించుకుని బావ ఒక్కణ్ణే పంపారు. దానికే పాతిక నిమిషాలు పోయాయి.

బావ బండి తోసుకుంటూ వచ్చాడు. నా పెట్టె చెక్కుచెదరలేదు. అతని సంచి జిప్పు ఈ చివరి నుంచి ఆ చివరికి ఊడిపోయి, మూటలు బయటికి వేలాడుతున్నాయి. ఒక సీసా పగిలింది. ఆవకాయ నూనె, కారం, చేపల పొడి కలిసి ముద్దయి గుడ్డల మీద నుంచి నేల మీద బొట్లు పడుతున్నాయి. నేను నా పెట్టె మాత్రం దించుకుని దూరంగా జరిగాను.

బస్సు అద్దాలు మూసి ఉన్నాయి. ఎక్కిన నిమిషానికే జనం ముక్కులు మూసుకున్నారు. బావ వెనక వరసలో, సంచిని బిడ్డలా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. నేను ముందు సీట్లోకి పోయి పుస్తకం తెరిచాను. పక్కనున్నావిడ నన్ను ఇంగ్లీషులో అడిగింది, ఆ వెనకాయన మీతో వచ్చాడా అని.

లేదన్నాను.

బావకి ఇంగ్లీషు రాదు. కానీ నేను తల అడ్డంగా ఊపడం చూశాడు.

మూడో టెర్మినల్లో పరుగు పెట్టాం. కౌంటరు మూయడానికి పది నిమిషాలుంది. కారుతున్న సంచిని మేం తీసుకోం అన్నారు. వేరే దాంట్లో సర్దుకోండి లేదా పారేయండి అన్నారు. నా పెట్టె గట్టిది. అందులో సగానికి పైగా పుస్తకాలు. అవి తీసి చేతిలో పట్టుకుంటే, బాగున్న ఆరు మూటలూ అందులో పట్టేవి. బావ పెట్టె వైపు చూశాడు. నేను తాళంచెవి ఉన్న జేబు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. నూనె అంటుకుంటే పుస్తకాలు పాడైపోతాయన్నది ఒక్కటే నా బుర్రలో ఉంది.

అతను అడగలేదు. ఊరగాయలూ చేపలూ చేతిలో పట్టుకుపోనివ్వరని అతనికి తెలుసు. తన బట్టలు లుంగీలో మూటకట్టి పక్కన పెట్టుకున్నాడు. సంచిని చెత్తడబ్బా దగ్గరికి లాక్కెళ్ళాడు.

"ఇది ఎవలిది? సదువు."

చదివాను. డబ్బాలో వేశాడు.

"ఇదీ?"

చదివాను.

"బేగి సదువురా. అక్కడ ఎవలిది పోనాదో ఆళ్ళకి సెప్పాల కదా."

ఏడు పేర్లు చదివాను. నా గుండ్రటి అక్షరాలు. నూనెలో తడిసినా చక్కగా కనబడుతున్నాయి. ఆఖరిది వేశాక బావ చేతులు లుంగీ మూటకి తుడుచుకున్నాడు. కౌంటరు మూసే ముందు ఆఖరివాళ్ళం మేమే. విమానం అందింది. గడువులోగానే దిగాం.

మర్నాడు సెలవు. మావాళ్ళు ఒక్కొక్కరే మా గదికి వచ్చారు. "సంచి సిరిగిపోనాదిరా. ఢిల్లీలో పారేసినాను. నా తప్పే, తాడు కట్టనేదు" అన్నాడు బావ. నా వైపు చూడలేదు. ఒకడు ‘మా గొప్ప పని సేసేవు మావా’ అని ఎత్తిపొడిచి పోయాడు. బావ నవ్వాడు.

వెల్డింగు పని చేసే ఒకతను మాత్రం కదల్లేదు. రెండేళ్ళుగా ఊరికి పోలేదట.

"పోతే పోనాది గానీ బావూ, గుడ్డ మీద రాసింది నువ్వే కదా. మాయమ్మ ఏటి రాయించినాది?"

నాకు గుర్తుంది. నేను రాసింది ఏదీ మర్చిపోను. "ముందు ఏణ్ణీళ్ళలో నానబెట్టు, ఉప్పు దిగుతాది. ఒక్కడివే తినీకు" అని చెప్పాను.

"ఎప్పుడూ అదే మాట ముసల్దానికి" అని నవ్వాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ లేచి, మాతోపాటు పప్పూ అన్నం తిని వెళ్ళాడు.

అందరూ వెళ్ళాక పెట్టె తెరిచి పుస్తకాలు మంచం కింద పేర్చాను. ఒక్కదానికీ నూనె మరక లేదు.