మూఢంలో కొన్న అడ్డాకు

చర్లలో విస్తళ్ళు కుట్టే ఆడవాళ్ళలో విశ్రాంతమ్మది వాటమైన చెయ్యి. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ చెంచురామయ్య కొట్టు వెనక పాకలో కూర్చుని, అడ్డాకులను వెదురు పుల్లలతో కుట్టేది. ఆకు ఆయనది, లాభం ఆయనది, నడుం నొప్పి ఆమెది.

ఒక చలికాలం, సొంతంగా పెట్టుకుంటానంది. భర్త అంతోనయ్య ఆ వారమే పెట్టుబడి కోసం ఎడ్లను సంతకు తోలుకుపోయి అమ్మేశాడు. వానలు పడేలోగా విస్తళ్ళు అమ్మి మళ్ళీ ఎడ్లు కొనాలి. లేకపోతే ఆ ఏడు చేను బీడే.

ఆమె లెక్క ఆమెకుంది. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల తపస్సుకాలంలో వాళ్ళ చర్చిలో పెళ్ళిళ్ళుండవు. అప్పుడే ఆకు కొని కుట్టిపెట్టుకోవాలి. ఈస్టర్ దాటిందంటే ఊరూరా పెళ్ళిళ్ళే.

ఆకు మోపు దించకముందే బేరమాడే చెంచురామయ్య మనిషి ఆ ఏడు సంతలో కనిపించలేదు.

"మీ షావుకారు రాలేదేందక్కా?" అంది ఆకు అమ్మే కోయగూడెం ముత్తక్క.

"నన్ను జూసి జడిసిండు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ తర్వాత ప్రతి సంతకూ మోపులన్నీ విశ్రాంతమ్మ వాకిట్లోకే వచ్చాయి. ఆమె ఏ మోపునూ కాదనలేదు. ఎడ్లు లేని కొట్టం నిండా విస్తళ్ళ కట్టలు పేరుకున్నాయి.

పండుగ వెళ్ళగానే బస్సు మీద కొన్ని కట్టలు వేసుకుని భద్రాచలం పోయింది. పెళ్ళిళ్ళకు వంట సామాను కిరాయికిచ్చే బసవపున్నయ్య ఒక విస్తరిని వెలుగులో తిప్పి చూసి, కుట్టు మెచ్చుకున్నాడు.

"ఎవలకమ్మా ఇయ్యన్ని? శుక్రమూఢం గదా."

"అంటే ఏంది?"

"పెండ్లిళ్ళు లేవని. మూఢం పోంగనే ఆషాఢం. శ్రావణం దాంక మేళం మోగదు. పంచాంగం జూడలే?"

ఆమె ఇంట్లో పంచాంగం ఎన్నడూ లేదు. గోడకు చర్చివాళ్ళిచ్చిన క్యాలెండరు ఉండేది. చెంచురామయ్య పాకలో అప్పుడప్పుడు కొన్నాళ్ళు పని లేదనేవారు. ఎందుకు లేదో ఆమె అడగలేదు.

ఆ వేసవిలో వాళ్ళ చర్చిలో జరిగిన పెళ్ళిళ్ళు రెండే. కట్టల్లో తరుగు కనిపించలేదు.

తొలకరి పడింది. కొట్టం కప్పు కారింది. పై కట్టలు బూజు పట్టాయి, అడుగువాటిని చెదలు తిన్నాయి. పొరుగువాళ్ళు నాగళ్ళతో వాకిలి ముందునుంచి పోతుంటే అంతోనయ్య లేచి లోపలికి వెళ్ళేవాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించేది ఆమెకు.

చివరికి చెంచురామయ్య దగ్గరికే పోయింది.

"నీకు ఎరికేనాయె గద బాబూ. ఒక్క మాట జెప్పకపోతివి."

"నువ్వడిగావా? నేనెందుకు కొనట్లేదో అడగాలి గదమ్మా, నువ్వు కొనే ముందు." ఆయన గొంతులో కోపం లేదు. "నీ చేతిలో డబ్బులైపోయాక కొనేవాళ్ళు లేక నాకు ఆకు చవగ్గా వచ్చింది. శ్రావణానికి కుట్టాలి, రేపట్నుంచి రా. అంతోనయ్యనీ తీసుకురా, మోపులు మోస్తాడు."

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. పాకలో ఆమె కూర్చునే చోట ఇంకెవరో కుడుతున్నారు. విశ్రాంతమ్మ గుమ్మం పక్కన, జల్లు కొట్టే చోట చతికిలబడి, ఆకు అందుకుంది.