ఊదారంగు వేలిముద్రలు

ఈ నెల మొదట్లో మా మనవరాలు సెల్‌ఫోను తెచ్చి నా ముందు పెట్టి, ఇక్కడ నీ బొటనవేలు ఆనించు అవ్వా అంది. ఎందుకే అంటే, నెలకొక అంశం ఇస్తారట, ఆ అంశం మీద ఆ నెలలో ఒక పుస్తకం చదవాలట, చదివాక పేరు పక్కన ఉన్న గడిలో టిక్కు పెట్టాలట, పన్నెండు నెలలూ తప్పకుండా చదివినవాళ్లకు ఏదో పతకం బొమ్మ పంపిస్తారట, ఎక్కడెక్కడి వాళ్లో వేలమంది చేరారట. కళ్లకు ఆపరేషను చేయించుకుని కూడా ఊరికే గోడలు చూస్తూ కూర్చుంటావేం, నువ్వూ చేరు అని దాని పోరు. అంతా బాగానే ఉంది గానీ వేలు ఆనించమనేసరికి నా చెయ్యి దానంతట అదే కొంగు కిందికి పోయింది. చదవడానికి కళ్లు కావాలి గానీ వేలెందుకే అన్నాను. అది పకపకా నవ్వింది. ఆ ప్రశ్న నాది కాదనీ, అరవై ఏళ్ల కిందట ఒక పెద్దాయన నన్నే అడిగిన ప్రశ్న అనీ దానికేం తెలుసు.

నా వయసు వాళ్లకు చెబితే అర్థమవుతుంది. అరవైల మొదట్లో టీచరు ట్రైనింగు అయి, చేతిలో ఒక రేకు పెట్టె, చంకలో ఒక పరుపు చుట్టతో నేను నల్లమాడ పక్కన ఒక చిన్న ఊళ్లో బస్సు దిగాను. ఏకోపాధ్యాయ పాఠశాల, అంటే బెల్లు కొట్టేదీ నేనే, పాఠం చెప్పేదీ నేనే, మధ్యాహ్నం పాలపొడి కలిపేదీ నేనే. అంతకు ముందు ఏడూ వానలు లేవు, నేను వెళ్లిన ఏడూ లేవు. వేరుశనగ విత్తనం మట్టిలో వేసి మేఘాల కేసి చూడటం, మేఘాలు కదిరి వైపు పోతే పోయినందుకు కదిరి వాళ్లను తిట్టడం, ఇదీ ఊరి పని. అన్నిటికీ మించి ఆ ఊరికి అనుమానం జాస్తి. కొత్త మనిషి కనబడితే మంచినీళ్లు ఇచ్చేవాళ్లు, ఇస్తూనే నిన్ను ఎవరు పంపించినారు అని అడిగేవాళ్లు. టీకాలు వేయడానికి వచ్చినా, జనాభా లెక్కకు వచ్చినా ఇదే వరస.

అందరిలోకీ పెద్ద అనుమానం మనిషి నేను దిగిన ఇంటి యజమాని. పెదనాయనా అని పిలిచేదాన్ని. ఆయన తండ్రికి ఒకప్పుడు బావి కింద తోట ఉండేదట. ఒకనాడు ఎవరో కాగితం తెచ్చి, తోట నాకు రాసిచ్చినావు, ఇదిగో నీ వేలిముద్ర అన్నాడట. నేను వెయ్యలేదు మొర్రో అని ఆ ముసలాయన చచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు గానీ తోట మాత్రం రాలేదు. ఆ తోట గట్టు మీదుగానే ఈ పెదనాయన చిన్నప్పటి నుంచీ కూలికి నడిచాడు. అందుకని ఆయన జన్మలో ఏ కాగితం మీదా వేలు పెట్టలేదు. చదువు రాకపోయినా ప్రతి కాగితాన్నీ ఎండకు అడ్డం పెట్టి అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

ఆయన కొడుకు గొర్రెలను మేపుకు తోలుకుని మడకశిర పక్కకు పోతే నెలల తరబడి ఇంటికి వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉండేది కోడలు, నాకు వదిన వరస. పుట్టింట్లో ఐదో తరగతి దాకా చదివి, పెళ్లయ్యాక అచ్చు అక్షరం మొహం చూడని మనిషి. బెల్లం కట్టి తెచ్చిన కాగితాన్ని పొయ్యిలో వెయ్యకుండా విప్పి, జిగురు తుడిచి, చదివి ఆ తర్వాత వేసేది. ఒకరోజు ఆ చదవడం విన్నాను. కష్టమైన మాట వస్తే దాటేస్తుంది, లేకపోతే తనకు తోచింది కలిపేస్తుంది. కొత్త టీచరును కదా, ఊరుకోలేక, అక్షరం కింద వేలు పెట్టి చదువు వదినా, ఉన్నది దాటొద్దు, లేనిది కలపొద్దు అని గట్టిగానే చెప్పాను. ఆ మాట నాకే తిరిగి వస్తుందని అప్పుడు తెలియదు.

ఇక పెట్టె సంగతి. కదిరిలో ఒక గ్రంథాలయం వాళ్లు మా తట్టు పల్లెలకు ఒక పందెం పెట్టారు. నెల మొదట్లో బస్సు టాపు మీద ఆకుపచ్చ రంగు రేకు పెట్టె వస్తుంది. అందులో నలభై పుస్తకాలు, మూత లోపల అతికించిన చీటీ మీద ఈ నెల అంశం, దాని కింద వచ్చే నెల అంశం. ఊళ్లో కనీసం పది ఇళ్ల వాళ్లు పుస్తకం తీసుకోవాలి, చదువు రానివాళ్లు చదివించుకుని వినాలి, రిజిస్టరులో సంతకమో వేలిముద్రో వెయ్యాలి, నెలాఖరు ఆదివారం బడి వసారాలో కూర్చుని విన్నది చెప్పుకోవాలి. పన్నెండు నెలలు ఇలా గడిస్తే ఒక బీరువా నిండా పుస్తకాలు ఆ ఊరికే శాశ్వతంగా ఇచ్చేస్తారు. ఏ ఒక్క నెలలో పది ఇళ్లకు తగ్గినా పెట్టె వేరే ఊరికి పోతుంది. ఆ బీరువా కోసం నేను పడిన ఆశ చెబితే మీరు నవ్వుతారు. నా కంటే వదిన ఆశ ఇంకా పెద్దది. మామగారు వేలు పెట్టనివ్వడు కాబట్టి ఆమె పేరు రిజిస్టరులో లేదు. నా పేరు మీద తీసుకున్న పుస్తకాలు చాటలో బియ్యం కింద పెట్టుకుని, రాళ్లు ఏరుతున్నట్టు కూర్చుని చదివేది.

మొదటి నెల నీతికథలు. ఇల్లిల్లూ తిరిగి, పిల్లల తల్లులను బతిమాలి పదిమందిని పోగేశాను. రిజిస్టరుతో పాటు వచ్చిన ఊదారంగు ఇంకు ప్యాడు చూసిన పెదనాయన వసారా గోడకు ఆనుకుని కూర్చుని, “చదివేదానికి కండ్లు కావాలగానీ ఏలెందుకమ్మా?” అన్నాడు. పై వాళ్లకు లెక్క తెలియడానికి పెదనాయనా అన్నాను. లెక్క తెలుసుకుని వాళ్లేం చేస్తారన్నాడు. నేను ప్యాడు మూత పెట్టి పేర్లు రాయడంలో పడ్డాను. అప్పటి నుంచి ప్రతి నెలాఖరు ఆదివారమూ ముందు పేర్లు పైకి చదివించి, ఒక్కో పేరుకు ఒక్కో గులకరాయి పక్కన పెట్టుకుంటేనే గానీ ఆయన మమ్మల్ని మొదలు పెట్టనిచ్చేవాడు కాదు.

రెండో నెల అంశం బావులు. చీటీ సంగతి ఊళ్లో పాకిన గంటలో బడి ముందు జనం. పుస్తకం తీసుకున్న ఇంటికి గవర్నమెంటు బావి తవ్విస్తుందని ఎవరన్నారో ఏమో, ముప్పై ఇళ్ల వాళ్లు వేలిముద్రలు వేశారు. నలభై పుస్తకాల్లో నేలబావి పుస్తకం నాకంటే నాకని ఇద్దరు బావమరదులు మాటలు మానేశారు. నెలాఖరు ఆదివారం నాడు కొందరు పట్టా కాగితాలు సంచిలో పెట్టుకుని, తలకు నూనె రాసుకుని మరీ వచ్చారు. ఆఫీసరు రాడు, చదివింది చెప్పుకోవడమే అన్నాక వాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఊరికే రాయించుకుంటారా ఏందప్పా, ఇందులో ఏదో ఉండాది అనుకుంటూ వెళ్లిపోయారు.

ఆ అనుమానం ఇంకా చల్లారకముందే మూడో నెల పెట్టె దిగింది. బావుల గోలలో పోయిన నెల చీటీ కింది వరస చూసుకోనే లేదు, ఇప్పుడు మూత తీసి చీటీ చూసి నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. గొర్రెల పెంపకం. సాయంత్రానికల్లా ఊరు తేల్చేసింది, ఇది గొర్రెలను లెక్కపెట్టి పన్ను వెయ్యడానికి పన్నిన పన్నాగమని. పుస్తకం తీసుకోవడం అటుంచి, ఉన్న గొర్రెలను గుట్టల వెనక్కి తోలేశారు. నేను వీధిలో కనబడితే మేకపిల్లలను లోపలికి లాగి తలుపు మూసేవాళ్లు. నెల తిరిగేసరికి రిజిస్టరులో నాలుగే పేర్లు, ఆ నలుగురికీ గొర్రెలు లేవు.

ఇప్పుడు చెప్పబోయేది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆదివారానికి మూడు రోజుల ముందు, పిల్లలు ఇళ్లకు పోయాక, బడి తలుపు దగ్గరగా వేసి, ఆరు పేర్లు నేనే రాశాను. ఆరు పేర్ల పక్కనా నేనే ముద్రలు వేశాను. ఒకే వేలైతే పట్టుబడతానని ఎడమ చేతి ఐదు వేళ్లూ, కుడి చేతి బొటనవేలూ వాడాను. ఐదు పేర్లు పోయిన నెల బావుల కోసం ఎగబడిన వాళ్లవి. ఆరో పేరుకు ఇంకెవరూ తోచక, చదువు రానివాడు కదా ఏం తెలుస్తుందిలే అని పెదనాయన పేరు రాశాను. పాపమని అనిపించలేదా అంటే, అనిపించింది. అయినా రాశాను. బీరువా కళ్ల ముందు ఆడుతోంది.

ఆ ఊదా ఇంకు చింతపండుకు పోలేదు, బూడిదకు పోలేదు, ఇసుకతో రుద్దితే చర్మం పోయింది గానీ రంగు పోలేదు. సంగటి పెడుతూ వదిన నా ఎడమ చెయ్యి చూసింది, తర్వాత కుడి బొటనవేలు చూసింది, చారు పోసింది. ఇక ఆ మూడు రోజులూ నా పాట్లు చెప్పలేను. బావి దగ్గర ఆమె ఎవరితో మాట్లాడినా నా గురించేనేమో అనిపించేది. మామగారికి తమలపాకు ఇస్తుంటే చెవి అటే వేసేదాన్ని. అంతలోనే, ఛ, పెట్టె పోతే నష్టం నాకంటే ఆమెకే కదా, ఎందుకు చెబుతుందిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకునేదాన్ని. ఊరి అనుమానాన్ని చూసి నవ్విన నేను మూడు రోజుల్లో ఊరందరినీ మించిపోయాను.

ఆదివారం నలుగురే వస్తారనుకుంటే, గొర్రెల సంగతి ఏం తేలుతుందో చూద్దామని ఊరంతా వచ్చి దూరంగా నిలబడింది. నేను గబగబా నాలుగు పేర్లు చదివి రిజిస్టరు మూశాను. పెదనాయన నాలుగు గులకరాళ్లు పెట్టి, ఏదీ ఇట్లియ్యి అని చెయ్యి చాపాడు. ఎండకు పట్టి చూశాడు. అక్షరాలు రాని మనిషికి ముద్రలు లెక్కపెట్టడం వచ్చు.

“నాలుగు పేర్లు చదివితివి. ఈడ పది ముద్రలుండాయి” అన్నాడు.

ఆయన వెనక్కి తిరిగి, స్తంభం చాటున నిలబడిన కోడలికి రిజిస్టరు ఇచ్చి, నువ్వు చదువు అన్నాడు. మగవాళ్ల ముందు ఆమె గొంతు అంతవరకూ ఎవరూ వినలేదు. కొంగు సర్దుకుని, అక్షరం కింద వేలు పెట్టి మొదలు పెట్టింది. నాలుగు పేర్లు అయ్యాయి. ఐదో పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి నా కేసి చూసింది. దాటెయ్యమని నా కళ్లు ఎంత బతిమాలాయో ఆమెకు తెలియదని అనుకోను. ఐదో పేరు చదివింది, ఆరోది చదివింది. పదో పేరు మామగారిది. కోడళ్లు పైకి పలకని పేరది. ఆ పేరు కూడా, ఇంటి పేరుతో సహా, తప్పు లేకుండా చదివి రిజిస్టరు మూసింది.

పెదనాయన తన బొటనవేలు ఒకసారి చూసుకుని, “ఈ ఏలు నాదా, నీదా?” అని అడిగాడు. నేను రెండు చేతులూ చాపాను. ఏడుపు ఆగలేదు, పుస్తకాల కోసం పెదనాయనా, నాకేం రాదు దీంట్లో, ఊరి కోసమే అంటూ ఏదేదో అన్నాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

“నువ్వు మంచిదానివేలేమ్మా. మా నాయన పేరు మింద ఏలేసినోడు గూడా మంచోడేనంట” అని లేచి, గులకరాళ్లు అక్కడే వదిలేసి పోయాడు.

అక్కడే అందరి ముందూ ఆరు పేర్లు కొట్టేసి, వెయ్యని వాళ్ల ముద్రలు నేను వేశాను అని కింద రాసి సంతకం పెట్టి, పెట్టె బస్సు ఎక్కించాను. వారం రోజులు బడికి పిల్లలు సగం మంది రాలేదు. పెదనాయన ఇల్లు ఖాళీ చెయ్యమనలేదు, వదిన అన్నం పెట్టడం మానలేదు. కాకపోతే ఆ తర్వాత నేను ఆ ఊళ్లో ఉన్న మూడేళ్లలో, ఇంటికి ఏ కాగితం వచ్చినా ఆయన నాకు చూపించలేదు. కోడలి చేత చదివించుకున్నాడు.

మరుసటి నెల మొదట్లో, పెట్టె రాదని తెలిసీ, నేను బస్సు దగ్గరికి వెళ్లాను. తప్పిపోయిన మేకపిల్లను వెతికే నెపంతో వదిన కూడా వచ్చి నిలబడింది. టాపు మీది మనిషి, మీ ఊరికి లేదు టీచరమ్మా అని చెయ్యి ఊపాడు. తిరిగి నడుస్తుండగా ఈ నెల ఏం పుస్తకాలు వచ్చి ఉండేవి అని అడిగింది. ప్రయాణాలు అని చీటీలో ఉంది వదినా అన్నాను. చివరికి ఉండబట్టలేక, ఎందుకు చదివావు, నీకు మాత్రం పుస్తకాలు వద్దా అని అడిగేశాను. “నువ్వే గదా టీచరమ్మా చెప్పినావు, ఉండేది దాటొద్దని. చదివితే అట్లనే చదవల్ల గదా” అంది. కళ్లు తుడుచుకుంది గానీ గొంతు మాత్రం వణకలేదు.

ముప్పై ఏళ్ల పైన ఉద్యోగం చేశాను, ఎన్నో రిజిస్టర్లు రాశాను. ప్రతి సంతకం దగ్గరా ఆ స్తంభం చాటు మనిషి గుర్తుకు వచ్చేది. నిజానికి ఆ మూడు నెలల పందెంలో ఆ ఊళ్లో పుస్తకాలు చదివింది ఆమె ఒక్కతే, ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

మనవరాలు ఊరుకోలేదు, నా పేరు తనే చేర్చేసింది. ఈ నెల అంశం నేను రెండుసార్లు చదివాను. ప్రయాణాలు. పుస్తకం సగం దాకా వచ్చింది, ఇంకా రెండు రోజుల్లో నెల అయిపోతుంది. టిక్కు పెట్టెయ్యి అవ్వా, పూర్తిగా చదివావో లేదో ఎవరు చూడొచ్చారు అంటోంది మనవరాలు. నేను బావి కథల పుస్తకం గురించి ఒకసారి ఆ ఫోనులో వెతికితే మరునాటి నుంచి బోరుబావి మోటార్ల ప్రకటనలు వస్తున్నాయి. లెక్క తెలుసుకుని వాళ్లేం చేస్తారని పెదనాయన అడిగిన దానికి జవాబు ఇన్నేళ్లకు దొరికినట్టుంది. ఆ రోజుల్లో ఒక ఊరు ఊరంతా ఒక్క వేలిముద్రకు అంత ఆలోచించేది. ఇప్పుడు మా ఇంట్లోనే పొద్దున లేచింది మొదలు ఎన్నిసార్లు వేలు ఆనిస్తారో, ఎందుకని అడిగేవాళ్లు లేరు. అడిగితే నాలా ముసలివాళ్లు అడగాలి, పిల్లలు నవ్వాలి.

టిక్కు పెట్టలేదు. నా పేరు పక్కన ఆ గడి ఖాళీగానే ఉంది. పైకి చదివి వినిపించే వదిన ఇప్పుడు లేదు కాబట్టి, రోజూ ఒకసారి నేనే దాని కింద వేలు పెట్టి చదువుకుంటున్నాను, ఇంకా చదవలేదు అని.