కొక్కేలకు చాలని కడ్డీలు

కాలువకు నీళ్లు కట్టేసిన వేసవిలో కొవ్వూరు దగ్గర వంతెన పని జరుగుతోంది. కాంక్రీటులో ఇనుప కడ్డీలు పెట్టి కట్టడం అప్పట్లో మా వైపు కొత్త. ఆ కడ్డీల పొడవు లెక్కగట్టే గుమాస్తాగా నన్ను వేశారు. నాకు ఇరవై రెండేళ్లు, పొగరు ఎక్కువ.

కాలువ అడ్డం కొలిచి, రెండు ఒడ్డుల్లోనూ కట్టిన గోడల మీద కడ్డీ ఆనే జాగా కలిపి, కమ్మరి సూరయ్యకు పొడవు చెప్పాను.

“రెండు కొసలూ కొక్కేల్లా వంచాలి కదండి. ఆ వంపుక్కూడా కలపాలండి,” అన్నాడు.

“లెక్కలు నువ్వు నేర్పుతావా నాకు? చెప్పినంత కొయ్యి,” అన్నాను.

ముప్ఫై కడ్డీలు కోశాడు. కొసలు వంచి పరిస్తే ఒక్కటీ అవతలి గోడకు అందలేదు. కాలువకు నీళ్లు వదలడానికి ఇంకా పది రోజులే ఉన్నాయి. ఓవర్సియరుగారు మండిపడుతూ వచ్చి, “ఎవడి పని ఇది?” అన్నారు.

“సూరయ్యండి. పొట్టిగా కోసేశాడు,” అన్నాను.

ఆయన సూరయ్యను నానా తిట్లూ తిట్టి పొమ్మన్నారు. సూరయ్య నా వైపు ఒకసారి చూసి, సుత్తులు సర్దుకోసాగాడు. కొలిమి తిత్తి ఊదుతున్న అతని భార్య లేచి నిలబడింది.

“మా ఆయన పొడవు చాలదన్నాడండి. ఈయనే కొయ్యమన్నాడు. ఇక్కడున్నోళ్లందరూ విన్నారండి.”

కూలీలంతా అవునన్నారు. ఓవర్సియరుగారు రాజమండ్రి నుంచి పడవ మీద వేరే కడ్డీలు తెప్పించే ఏర్పాటు చేసి, వాటి పొడవు సూరయ్యనే చెప్పమన్నారు. ఆ పూటే నా ఉద్యోగం పోయింది.

వెళ్లేముందు సూరయ్యను క్షమించమని అడిగాను. “అడ్డు తప్పుకోండి, పనుంది,” అన్నాడు తలెత్తకుండా.

లెక్క తప్పడం ఒక్కటే అయితే మన్నించేవాడేమో. ఆ తప్పును తెలిసి తెలిసి అతని మీదికి తోశాను. అతను క్షమించకపోవడమే న్యాయమని ఈ వయసులో ఒప్పుకుంటున్నాను.