అసిరమ్మ గొంతు ఉన్న చోటు

మృత్యుంజయ గురించి ఏక్‌బాల్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరినడిగినా ఒకే మాట చెబుతారు: మనిషి మంచివాడే గాని పట్టుకుంటే వదలడు. ఎవరి నోటైనా ఓ పాత సంగతి దొర్లితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు తేలేదాకా ఎదుటివాణ్ణి కదలనివ్వడు. ముప్ఫై ఒక్క ఏళ్లు రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. ఏ ఓడ ఎప్పుడొచ్చింది, సరుకు ఏ గోదాముకు పోయింది అని రాసీ రాసీ, మనుషుల విషయంలోనూ అదే అలవాటు పట్టింది. తండ్రి బైరాగి శ్రీకాకుళం తీరం నుంచి ఈ బెంగాలీల ఊరొచ్చి అదే రేవులో బస్తాలు మోశాడు. ఆ తండ్రి మొట్టమొదట ఏ ఓడలోంచి సరుకు దించాడో తనకు తెలియదన్న సంగతి, ఆయన పోయిన పదోరోజున గాని మృత్యుంజయకు తట్టలేదు. ఊళ్లోవాళ్ల ఓడలన్నీ రాసిపెట్టినవాడు ఇంట్లో మనిషిని అడగలేకపోయాడు.

ఆ దిగులులోంచే అతనికి పాడ్‌కాస్టు ఆలోచన పుట్టింది. పుస్తకం రాద్దామంటే చదివేవాళ్లేరీ? ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు నోటికి వస్తుంది గాని కంటికి రాదు. బెంగాలీ బోర్డులు, హిందీ బోర్డులు గడగడా చదివేవాళ్లు తెలుగు పెళ్లిపత్రిక చేతికిస్తే అమ్మ కేసి చూస్తారు. మృత్యుంజయకు మాత్రం ఏమంత వచ్చు గనక. కూడబలుక్కుని చదువుతాడు. అందుకని రేవులో పనిచేసిన పెద్దవాళ్లను కూర్చోబెట్టి, వాళ్ల గొంతులే పట్టి ఉంచుదామనుకున్నాడు. ఒక చిన్న మైకు కొన్నాడు. దానికి ‘రేవు మాటలు’ అని పేరు పెట్టాడు.

పేరు పెట్టడం తేలికే అయింది. ఆ గొంతుల్ని లోకానికి ఎక్కడినుంచి వినిపించాలన్న దగ్గరే బండి ఆగింది. ఊరికే దొరుకుతోంది కదా అని ఒక బ్లాగు తెరిచాడు. అందులో రాతలు పెట్టుకోవచ్చు, ఫొటోలు పెట్టుకోవచ్చు, పైన రంగులు మార్చుకుని మురిసిపోవచ్చు. ఆడియో పెట్టబోతే మాత్రం పుచ్చుకోదు. నాలుగు రోజులు దానితో కుస్తీ పట్టాక తేలిందేమిటంటే, ఆడియోను వేరే సైటులో దాచుకోవాలి, దాని లింకు తెచ్చి ఈ బ్లాగులో అతికించాలి. వినేవాళ్ల ఫోన్లలో ఉండే యాప్‌లు బ్లాగును చూసి, లింకు పట్టుకుని అక్కడికి పోయి, గొంతు తెచ్చుకుంటాయి. మనిషి ఉండేది ఒక వీధిలో, పేరు రాసిన పలక ఉండేది ఇంకో వీధిలో అన్నమాట. పైగా ఎవరు విన్నారో, ఎవరు తమ ఫోనులో దాచుకున్నారో బ్లాగు చెప్పదు. ఇంతమంది వచ్చారని ఒక అంకె మాత్రం చూపిస్తుంది. ఆ అంకెను మృత్యుంజయ రోజుకు పదిసార్లు చూసుకునేవాడు. అది నలభై దాటిన వారం భార్య అరుంధతి చేత పాయసం వండించాడు.

మెటియాబ్రుజ్‌లో ఉండే జగ్గమ్మ దగ్గరికి వెళ్లింది రెండువేల ఇరవైమూడు వర్షాకాలంలో. ఆమె రేవు గోదాముల్లో చిరిగిన బస్తాలోంచి ఒలికిన గోధుమలు ఊడ్చి ఎత్తే పని చేసి రిటైరైంది. కొడుకు తిరుపతిరావు అక్కడే ఒక కుట్టుకార్ఖానాలో గుడ్డ కత్తిరిస్తాడు. బైరాగిదీ ఆమెదీ పక్కపక్క ఊళ్లు కావడం చేత, మృత్యుంజయ ఆమెను అక్క వరసన అప్ప అనేవాడు. ఆమెకు అతను తమ్ముడు.

మొదట గంటసేపు ఆమె అందరూ చెప్పేవే చెప్పింది. గోధుమల దుమ్ముకు దగ్గు, ఎండాకాలం గోదాము రేకుల వేడి, గింజలు కొంగున కట్టుకుపోతారేమోనని గేటు దగ్గర కొంగులు విప్పించడం. మృత్యుంజయ ఊరుకుంటేనా. ఈ పనిలోకి ఎప్పుడొచ్చావు, ఎవరు చేర్చారు, ఎట్లా చేర్చారు అని ఒకటే తవ్వాడు. జగ్గమ్మ కాసేపు నవ్వింది. తర్వాత మైకు కేసి చూస్తూ చెప్పింది.

“నా పేరు జగ్గమ్మ కాదు తమ్ముడా. జగ్గమ్మ మా అప్ప. నాను అసిరమ్మని. ఈ మాట నా నోటంట ఒచ్చి నలభై నాలుగేళ్లయిపోనాది.”

అక్క జగ్గమ్మ పేరు పర్మనెంటు జాబితాలోకి ఎక్కిన మూడో నెలలోనే పచ్చకామెర్లతో పోయింది. చంటిపిల్లవాడు మిగిలాడు. ఆ పిల్లవాడే తిరుపతిరావు. వాణ్ణి సాకడానికని ఊరినుంచి తెచ్చిన చెల్లెలికి అప్పుడు పదిహేడేళ్లు. ఉద్యోగం పోతే ఇల్లు గడవదని, వాళ్ల ఊరివాడే అయిన సర్దారు, అంటే కూలీల మేస్త్రీ, ఆలోచించి ఆ పిల్లను పిలిచాడు. రేపటినుంచి జగ్గమ్మవు నువ్వే అని చెప్పాడు. అక్క చీర కట్టుకుని, అక్క కార్డు పట్టుకుని ఆమె పనిలోకి వెళ్లింది. ఏడాది తిరక్కుండానే అక్క మొగుణ్ణే కట్టుకుంది. బయట ఎక్కడ నోరు జారుతుందోనని అతను ఇంట్లో కూడా ఆమెను జగ్గమ్మా అనే పిలిచాడు. కన్నవాళ్లు పోయాక అసిరమ్మా అని పిలిచే నోరే లేకుండా పోయింది.

ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. ఎవరి కథో చెప్పినట్టు హుషారుగా చెప్పింది. చివర్లో, వినేవాళ్లెవరైనా ఒక్కసారి ఆ పేరుతో పిలిస్తే వినాలని ఉందని కూడా అంది. మృత్యుంజయకు ఒళ్లు పులకరించింది. ఆ వారమే బ్లాగులో పెట్టేశాడు. ఎన్నడూ నలభై ఏడు దాటని అంకె ఐదో రోజుకు రెండువందల పదకొండు చూపించింది.

ఆరో రోజు పొద్దున్నే తిరుపతిరావు తల్లిని వెంటబెట్టుకుని ఏక్‌బాల్‌పూర్ వచ్చాడు. కార్ఖానాలో ఎవరో విని, మీ అమ్మది దొంగపేరటగా అన్నారట. పెన్షను ఆపేస్తారు, అన్నేళ్ల జీతం కక్కమంటారు, ముసలితనంలో అమ్మను పోలీసు స్టేషనుకు తిప్పుతారు అని వణికిపోయాడు. ముందుగా తన చెవిన ఎందుకు వెయ్యలేదని మృత్యుంజయను నిలదీశాడు. ఆ అడగడంలో న్యాయం ఉంది. ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

“ఆ మాట తీసీ తమ్ముడా. నానేదో ఉసారులో అనీసినాను.”

మృత్యుంజయ వాళ్ల ఎదుటే ఫోను తీసి బ్లాగులో ఆ పోస్టు కొట్టేశాడు. ఖాళీ అయిన చోటు చూపించాడు. తీసేశానప్ప, ఇంక లేదు అన్నాడు. జగ్గమ్మ ఆ తెర మీద వేలు పెట్టి చూసి, తల మీద చెయ్యి వేసి దీవించి వెళ్లింది.

ఇక్కడే అతని తప్పు ఉంది. దాన్ని సాంకేతిక లోపమని చెప్పడం నాకు ఇష్టం లేదు. తీసేసింది పలకను మాత్రమేనని, గొంతు వేరే సైటులో అలాగే ఉందని ఆ మాట అంటున్నప్పుడే అతనికి తెలుసు. వాళ్లు వెళ్లాక ఆ సైటు తెరిచాడు కూడా. తొలగించాలా అని అది అడిగింది. వేలు తెర దాకా వెళ్లి ఆగింది. ఇరవైఎనిమిది భాగాలు చేస్తే ఇంత మంచిది ఒక్కటీ రాలేదు. తండ్రి గొంతును ఎలాగూ పోగొట్టుకున్నాడు, దీన్ని కూడా తన చేత్తో చెరపడమా అనుకున్నాడు. దారి మూసేశాక ఇంటికి ఎవరొస్తారులే, ఎక్కడో ఓ మూల పడి ఉంటుంది అని తనకు తనే చెప్పుకుని సైటు మూసేశాడు. ఆ ఐదు రోజుల్లో ఎన్ని ఫోన్లు ఆ గొంతును దింపుకుని దాచుకున్నాయో బ్లాగు అతనికి చెప్పలేదు. చెప్పే ఏర్పాటు దానికి లేదు. అడగాలన్న బుద్ధి ఇతనికీ పుట్టలేదు.

మరుసటి మార్చిలో మహిళా దినోత్సవానికి తెలుగు సంఘం వాళ్లు సభ పెట్టారు. నడిపించింది లక్ష్మీసౌజన్య అని, హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరు. మంచి పిల్ల. కష్టపడి పైకొచ్చిన ఆడవాళ్లంటే ఆమెకు నిజమైన గౌరవం. రేవులో పనిచేసిన పెద్దావిడకు శాలువా కప్పుతామని తిరుపతిరావుకు కబురు చేస్తే, అతను సంబరంగా తల్లిని తీసుకొచ్చాడు. మృత్యుంజయ నాలుగో వరసలో కూర్చున్నాడు. మొదటి వరసలో రేవు ఆఫీసులో చేసి రిటైరైన పెద్దమనుషులు ఇద్దరున్నారు.

లక్ష్మీసౌజన్య మైకు ముందుకొచ్చి, ఈవిడ ఎవరో మీకు ఆవిడ గొంతుతోనే వినిపిస్తాను అంది. తన ఫోనును స్పీకరుకు కలిపింది. కిందటేడు వర్షాకాలం నుంచి ఆమె యాప్‌లో భద్రంగా ఉన్న భాగం అది. పోస్టు తీసేసిన సంగతి ఆమెకు తెలిసే దారి లేదు. హాలంతా వినబడింది: నా పేరు జగ్గమ్మ కాదు తమ్ముడా. ఆ తర్వాత లక్ష్మీసౌజన్య శాలువా చేతిలో పట్టుకుని, ఎంతో ప్రేమగా, “అసిరమ్మ గారూ, వేదిక మీదికి రండి” అని పిలిచింది.

జగ్గమ్మ లేచి నిలబడింది. కొడుకు కేసి చూసింది, మొదటి వరస కేసి చూసింది.

“ఆ మడిసి నాను కాదమ్మా. అసిరమ్మ మా సెల్లి. అది సిన్నప్పుడే సచ్చిపోనాది.”

ఆ మాట అన్న గొంతూ, స్పీకరులో వచ్చిన గొంతూ ఒకటేనని హాల్లో అందరికీ తెలిసింది. జగ్గమ్మ శాలువా పుచ్చుకోకుండానే కొడుకు చెయ్యి పట్టుకుని హాలు మెట్లు దిగి వెళ్లిపోయింది. లక్ష్మీసౌజన్య తను ఏం తప్పు చేసిందో తెలియక శాలువాతో అలాగే నిలబడిపోయింది. ఆ అమ్మాయికి చెప్పాల్సినవాడు నాలుగో వరసలో తల వంచుకుని కూర్చున్నాడు.

అప్పుడు పరుగెత్తాడు మృత్యుంజయ. ఆడియో సైటు తెరిస్తే, మీరొచ్చి చాలా రోజులైంది కాబట్టి ఈమెయిలుకు నంబరు పంపాం, అది కొట్టమంది. ఆ ఖాతాకు ఇచ్చింది ఆఫీసు ఈమెయిలు. డిసెంబరులో రిటైరవగానే ఆఫీసువాళ్లు దాన్ని మూసేశారు. సైటువాళ్లకు మూడుసార్లు రాశాడు. మీ విన్నపం అందింది అని మూడుసార్లూ ఒకే ముక్క వచ్చింది. బ్లాగువాళ్లను అడిగితే, మా దగ్గర ఆడియోలే ఉండవు కదా అన్నారు. అదీ నిజమే. తాళం తన దగ్గర ఉన్నన్నాళ్లూ తియ్యనివాడు, ఇప్పుడు తీద్దామంటే తలుపు దాకా పోలేకపోయాడు. తక్కిన భాగాలన్నీ ఉన్న బ్లాగును ఆ వారమే మూసేశాడు. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

నెల గడిచాక ధైర్యం చేసుకుని మెటియాబ్రుజ్ వెళ్లాడు. పెన్షను ఆఫీసు నుంచి ఏ కాగితమూ రాలేదు, ఎవరూ వచ్చి అడగలేదు. అయినా తిరుపతిరావు ఇతన్ని చూసి మావా అని పిలవలేదు, లోపలికి దారి మాత్రం ఇచ్చాడు. జగ్గమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మృత్యుంజయ బ్లాగు గురించి మొదలుపెట్టాడు. అది ఆడియో పుచ్చుకోదు, లింకు ఒక చోట ఉంటుంది, గొంతు ఇంకో చోట ఉంటుంది, యాప్‌లు వాటంతటవే దింపుకుంటాయి అంటూ దారి పొడుగునా కూర్చుకున్నదంతా చెప్పాడు. ఆమె చిక్కుడుకాయ పక్కన పెట్టి, ఓపిగ్గా అంతా విని, ఒక్కటే అడిగింది.

“ఆ రోజు తీసీనానని నువ్వు సెప్పినప్పుడు, అది నీ కాడ ఉన్నాదేటి?”

అబద్ధం ఆడే అవకాశం ఇంకా ఉంది. ఈసారి ఆడలేకపోయాడు. ఉంది అప్ప, నేనే ఉంచుకున్నాను, చెరపడానికి మనసొప్పలేదు అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆమె పక్కన పెట్టిన చిక్కుడుకాయ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“ఆయేళ అసిరమ్మని సర్దారు సంపీసినాడు. నాకప్పుడు పదిహేడేళ్లు, నోరు లేదు,” అంది. “ఎవులైనా ఆ పేరెట్టి పిలిత్తే వినాలని ఇన్నేళ్లు సూసినాను. పిలిసినారు. పిలిసిన పిల్ల ముందర, అందరి ముందర, అది సచ్చిపోనాదని నా నోటంట నానే సెప్పీసినాను తమ్ముడా.”