గిడియన్ ఊమ్ చెప్పని పేరు

మా అమ్మ తమ్ముడు గిడియన్ స్టాపెల్‌బర్గ్ రైల్వే కార్ఖానాలో వడ్రంగి. ఫ్రీ స్టేట్‌లో మా డచ్చి సంతతి తెల్లవాళ్ళు పెద్దవాళ్ళను పిలిచే తీరున ఊరంతా ఆయన్ని ఊమ్ అనేది. 1938లో మా తాతల వలసకు నూరేళ్ళు నిండాయని తీసిన ఎద్దుబళ్ళ ఊరేగింపు మా ఊరు చేరినప్పుడు ఒక బండిచక్రానికి కొత్త ఆకులు బిగించింది ఆయనే. అప్పుడు పెంచిన గడ్డం మళ్ళీ తీయలేదు. మరుసటేడు ఎద్దుబండి కావలిదళం పుట్టగానే అందులో చేరాడు.

యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళు ఓడితే వాళ్ళు లాక్కున్న మన రిపబ్లిక్ మనకొస్తుందని దళం చెప్పేది. శనివారాలు మైదానంలో వేలమంది కవాతు చేసేవారు. ఆ రిపబ్లిక్‌లో నల్లవాళ్ళ చోటెక్కడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా ఊరి దళపతి లాయర్ వోస్లూ. ఆయన పంపిన డైనమైట్ పెట్టెను ఊమ్ రంపపు పొట్టు కింద దాచి, పట్టుబడ్డాడు. పై అధికారి పేరు బయటపెట్టనని దళంలో చేరేటప్పుడు బైబిల్ మీద ప్రమాణం చేశాడు. అందుకని ఆ డైనమైట్ ఒక గనిలో తానే దొంగిలించానని ఒప్పుకున్నాడు. మూడేళ్ళ జైలు పడింది. రైల్వేవాళ్ళు దొంగ అని రాసి ఉద్యోగం తీసేశారు.

ఆయన బయటికొచ్చేసరికి జర్మనీ ఓడిపోతోంది. దళంలో ఉన్నవాళ్ళకు తమలో చోటులేదని ఎన్నికల్లో నిలబడే మావాళ్ళ పార్టీ తేల్చేసింది. మైదానంలో ఇరవైమంది మిగిలారు. వోస్లూ గడ్డం గీయించుకుని పార్టీలో దూరాడు.

1948 ఎన్నికల్లో పార్టీ గెలిచింది. రాజకీయాల వల్ల ఉద్యోగం పోయినవాళ్ళను తిరిగి తీసుకుంటామన్నారు. పెట్టె పంపింది తానేనని వోస్లూ ఒక్క ముక్క రాసిస్తే చాలు, అది దొంగతనం కాదని తేలి ఊమ్ మళ్ళీ కార్ఖానాలో ఉంటాడు.

రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు ఆదివారం చర్చి ముంగిట ఊమూ నేనూ వోస్లూను పట్టుకున్నాం.

"ఏమయ్యా గిడియన్, ఇంకా ఆ గడ్డమేనా? పిచ్చుకలు గూడు కట్టేస్తాయి!" అన్నాడు వోస్లూ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఊమ్ కూడా నవ్వాడు.

"ఒక్క ఉత్తరం కావాలండీ, కమాండెంట్ గారూ. ఆ పెట్టె సంగతి..."

"ఏ పెట్టె? ఇదిగో, నన్నిప్పుడు కమాండెంట్ అనకు. పార్లమెంటు సభ్యుణ్ణి. మంచి వడ్రంగివని రాసిస్తాలే, చాలదూ?"

నేను ఆగలేకపోయాను. "ఈయన మీ పేరు చెప్పుంటే మీరిప్పుడు ఎక్కడుండేవాళ్ళు సార్?"

"వీడు పుస్తకాలు మరీ ఎక్కువ చదువుతున్నాడు గిడియన్."

"నోర్మూసుకోరా," అన్నాడు ఊమ్ నన్నే.

ఉత్తరం వచ్చింది: మంచి వడ్రంగి, చర్చికి తప్పక వస్తాడు. దొంగలకు ఉద్యోగం లేదని రైల్వే జవాబిచ్చింది.

జరిగిందంతా పత్రికకు రాసి సంతకం కోసం ఊమ్ ముందు పెట్టాను. మొత్తం చదివాడు.

"ప్రమాణం చేశానురా."

"ఎవరికి ఊమ్? దళమే లేదుగా!"

ఊమ్ కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. సోమవారం నుంచి శవపేటికలు చేసే కొట్లో పనికి వెళ్ళాడు. సంతకం లేని ఆ కాగితాన్ని నేను ఏ పత్రికకు పంపను?