బాయిలరుకు పెట్టిన చింతపండు

దసరా సెలవులు ముగిసి కొత్తవాడలో మా అద్దకం కార్ఖానా తెరిచిన పొద్దున, బాయిలర్ నీటిమట్టం చూపే గాజుగొట్టంలో నీళ్లు ఎర్రగా కనిపించాయి. బాయిలర్ నడిపే మొగిలన్న వాటిని బయటికి వదిలేసి కొత్తనీళ్లు నింపాడు. వేడెక్కగానే మళ్లీ ఎరుపే. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించే మనిషి ఆ పూట ఆ గొట్టం ముందే కూర్చుండిపోయాడు. పక్క షెడ్డులో జంపఖానా నేస్తున్న నేను, పండుగ బడలికేమో అనుకున్నాను.

ఆయనది శుభ్రం పిచ్చి. బొగ్గు మోసే కూలీగా వచ్చి బాయిలర్ మనిషి అయ్యాడు. పొయ్యి ముందు నిలబడేవాడి అంగీ అంత తెల్లగా ఎట్లా ఉంటుందో మాకెవరికీ అంతుపట్టేది కాదు. ఏటా ఆయుధపూజకు బాయిలర్ ఇత్తడి చక్రాలు చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టేవాడు. అంతటితో ఆగితే బాగుండేది. ఆ ఏడు, అంటే డెబ్బై తొమ్మిదిలో, బాయిలర్ లోపలి నలుపు ఆయన కంటపడింది. పూజ చేసేదాన్ని మసితో ఎట్లా ఉంచుతామని, గంపెడు చింతపండు పిసికి బాయిలర్‌లో పోసి, సన్నటి సెగ మీద పగలంతా కాచాడు. నల్లపొర కరిగిపోయి ఉక్కు తెల్లగా తేలింది. మా సేటు వెంకట్రాజం అందరినీ పిలిచి మరీ చూపించాడు. మొగిలన్న ఆ సంబరంలో పైపైన కడిగి, అడుగున పులుపునీళ్లు మిగిలి ఉండగానే మూత బిగించి పండుగకు వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఆ ఎర్రనీళ్లు చూస్తుంటే, పులుపు లోపలి ఉక్కును తింటోందేమోనని ఆయనకు అనుమానం మొదలైంది. చెబితే కొలువు పోతుంది. చెప్పకుండా ఉందామంటే, బాయిలర్ పక్కనే ఉన్న రంగు కాగులో ఆయన భార్య సమ్మమ్మ నూలు ముంచుతోంది.

మధ్యాహ్నానికి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు పైకి లేచింది. పొయ్యి పక్క ఉక్కు గొట్టం మీద తడి చార కనిపించింది, ఆ వెంటనే సన్నటి బుస. మొగిలన్న ఆపుదామన్నాడు. నూలు సగం నానిందని, ఇప్పుడు ఆపితే రంగు మచ్చలుగా పడుతుందని, ఈ కాగు అయ్యేదాకా నడపమని సేటు పట్టుబట్టాడు. ఆ మాటకు నాకు ఇప్పటికీ కోపమే.

మొగిలన్న సేటు ముందుకొచ్చి నిలబడ్డాడు. "సేటూ, చింతపండు పోసి నేనే దీన్ని కరాబ్ జేసిన. ఇది పగుల్తది. అందర్ని బయటికి పంపు."

సేటు అందరినీ బయటికి పొమ్మని అరిచాడు. అందరం వాకిట్లోకి ఉరికాం. సమ్మమ్మ మాత్రం కదల్లేదు.

"నువ్వు రావా?" అంది.

"అగ్గి గుంజి వస్త. నువ్వీడ ఉంటె నాకు చేతులాడయి."

ఆమె గడప దాటేదాకా ఆగి, ఆయన నిప్పులు బయటికి లాగడం మొదలుపెట్టాడు. ఆవిరి వదిలే చక్రం తిప్పాడు. ముల్లు దిగుతోంది. ఇక గండం గడిచిందని మేం ఊపిరి పీల్చుకునేలోపే గొట్టం పగిలింది. షెడ్డంతా తెల్లటి ఆవిరి. సమ్మమ్మ లోపలికి ఉరికి ఆయనను పట్టుకొచ్చింది. ఆయన కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది.

తర్వాత బాగుచేయడానికి వచ్చిన ఇస్సాకు ఆ గొట్టం కోసి మాకు చూపించాడు. లోపలంతా గుంటలు. ఆ నలుపు మురికి కాదట. వేడినీళ్లలో ఉక్కు తనకు తానే కట్టుకున్న పొరట. అది ఉన్నన్నాళ్లు తుప్పు లోపలికి దిగదు. చింతపండు పులుపు ముందు ఆ పొరను తినేసి, ఆపైన ఉక్కు మీద పడిందట. సేటు మొగిలన్నను కొలువులోంచి తీసేయలేదు. మెరుపు చూసి మురిసినవాళ్లలో తనే ముందున్నాడు మరి.

పది రోజులకు నేను దవాఖానకు వెళ్లేసరికి మొగిలన్న చేతి మీద నల్లటి పక్కు కట్టింది. మన శుభ్రం మనిషికి అది సహించలేదు. గోటితో లేపబోతుంటే సమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని గుడ తోముతవా?"

మొగిలన్న ముందు నవ్వాడు. తర్వాత, చెయ్యి ఆమె చేతిలోనే వదిలేసి ఏడ్చాడు.