గొట్టానికి గలీబు

మా మార్కండేయులు బావకు ఏ వస్తువైనా గలీబు లేకుండా కనబడితే అన్నం సయించేది కాదు. దిండుకు గలీబు అందరిళ్లలో ఉంటుంది. బావ ఇంట్లో గొడుగుకు, కూజాకు, విసనకర్రకు కూడా ఉండేవి. గలీబులు మాసిపోతాయని వాటి మీద ఇంకో గలీబు. ఒకసారి లాంతరుకూ కుట్టాడు.

"వెలుగెట్ల వస్తదయ్యా?" అని మా అక్క రాజమణి అడిగింది.

"పగటిపూట తొడుగుతం. పగలు దానికేం పని?" అన్నాడు బావ.

బావ దర్జీ. యుద్ధం రోజుల్లో బట్టకు కరువొచ్చినా కత్తిరింపు ముక్కలకు కరువు రాలేదు. అమీర్‌పేటలో ఇంటి ముందుగదే దుకాణం. మేడ మీది గదిలో రూతమ్మ టీచరు అద్దెకుండేది. పంజాగుట్ట అవతల బడిలో ఆమెకు పని. ఆమె స్నానం నీళ్లు దిగే ఇనుప గొట్టం మా ముందుగది మూలగా కిందికి వచ్చేది. పైన చెంబెడు నీళ్లు పోసుకుంటే కింద గుడగుడమని ఊరేగింపంత చప్పుడు.

దుకాణంలో ఊరికే కూర్చునే నర్సింహులుకు ఆ చప్పుడే కాలక్షేపం. ఒకరోజు, "ఇయ్యాల టీచరమ్మ తల పోసుకున్నట్టుంది, నీళ్లు మస్తు పోయినయి" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడే మెట్లు దిగుతున్న రూతమ్మ తల వంచుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే, "వేరే ఇల్లు చూసుకుంట అక్కా" అంది. ఒంటరి ఆడమనిషికి ఇల్లెవరిస్తారని అక్కకు దిగులు పట్టుకుంది. బావ మాత్రం మిషను ఆపి గొట్టం వైపు చూశాడు.

"గింతమంది ముంగట గొట్టం బట్ట లేకుంట బరిబాత నిలబడ్డది. ఇంటికి ఇజ్జత్ ఉంటదా?"

అక్క నెత్తి కొట్టుకుంది. "మనిషి పోతున్నదని నేనంటే, నీకు గొట్టం ఫికరా?"

మర్నాడు మేస్త్రీ ఐలయ్య వచ్చాడు. గొట్టం చుట్టూ చెక్కలతో పెట్టెలా కట్టి, ఇనుపజాలి కొట్టి, సున్నం పూస్తానన్నాడు. బావ "జర ఆగు" అని లోపలికి పోయి గొట్టమంత పొడుగు గలీబు తెచ్చాడు. కత్తిరింపు ముక్కలు కూరి బొంత మందాన కుట్టాడు.

"మూసేసే దానికి గలీబేందన్నా? ఎవరు సూస్తరు?" అన్నాడు ఐలయ్య.

"సలి పెడ్తది."

ఐలయ్య నవ్వి నవ్వి తాపీ జారవిడిచాడు. నేనూ నవ్వాను. గొట్టం అడ్డుపడితే తీయడానికని ఐలయ్య కింద చిన్న తలుపు వదిలాడు. సున్నం ఆరకముందే బావ ఆ తలుపుకూ గలీబు తొడిగాడు.

కొన్నాళ్లకు నర్సింహులు మూలవైపు చెవి పెట్టి కూర్చున్నాడు. "టీచరమ్మ ఖాళీ జేసిందా? సప్పుడే లేదు."

"ఏం సప్పుడు?" అన్నాడు బావ, మిషను మీంచి తలెత్తకుండా.

అంతలో రూతమ్మ తడి జుట్టుతో, బాగా పొద్దెక్కాక, మెట్లు దిగి వచ్చింది. నర్సింహులు ముందునుంచే నడిచి వెళ్లి అక్క పక్కన కూర్చుంది. "ఇల్లు చూసుడు బంద్ చేసిన అక్కా" అంది. అక్క గుండెల మీంచి బండ దిగింది. నాకూ ప్రాణం కుదుటపడింది.

"గొట్టానికి సలి అంటివి గద బావా" అన్నాను ఆ సాయంత్రం.

"గొట్టానికేం సలి? మనం సప్పుడు ఇంటమని ఆమె తెల్లారకముందే చన్నీళ్లు పోసుకుంటుండె. శివరాత్రి సుత కాలేదింక, సలి యాడ పోయింది?"

"గా ముక్క అప్పుడే చెప్తే అక్క మెచ్చుకుంటుండె."

"టీచరమ్మ చెవిన పడితే మళ్ల తల దించుకుంటది ఓదెలూ" అంటూ మెడలోని టేపు తీసి నా మొహానికి అడ్డంగా పట్టాడు. "నీ నోటికి ఎంత బట్ట పడ్తదో సూద్దాం."

బావ అన్నంత పనీ చేసే మనిషి. నోరు మూసుకున్నాను.